సంకల్పం తప్పిన నక్షత్రం

ఆ సర్క్యులర్ సోమవారం వచ్చింది. బుధవారానికల్లా శుక్రగ్రహం దారికొచ్చింది.

శుక్రుడితో అసలు పేచీయే లేదు. అక్కడ బొగ్గుపులుసు వాయువు దట్టంగా కమ్ముకుని ఉంటుంది. వేడి బయటికి పోయే దారిలేక నేల సీసం కరిగేంతగా కాగుతుంటుంది. డాక్టర్ హైమవతి "ఖగోళ వస్తువు" అన్న గడిలో శుక్రుడు అనీ, "వాతావరణ సందేశం" అన్న గడిలో "పొగ వదిలితే మన గతీ ఇంతే" అనీ రెండు నిమిషాల్లో రాసేసింది. అంగారకుడికి ఎండిపోయిన నదులున్నాయి కనుక నీటి పొదుపు సరిపోయింది. చంద్రుడి మీద ఒక్క చెట్టూ లేదు కనుక మొక్కలు నాటడం ఆయన వంతుకు వచ్చింది. శని దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. డైరెక్టర్ విశ్వపతి ఆ కాగితం అందుకుని, వలయాలను ఒకసారి మనసులో ఊహించుకుని, "తడి చెత్త, పొడి చెత్త వేరుచేయుట" అని తన దస్తూరీతోనే నింపాడు.

గువ్వలకొండ వేధశాల కట్టి నలభై ఏళ్లయింది. అన్నేళ్లలో శనిగ్రహానికి ఒక బాధ్యత అప్పగించడం అదే మొదలు.

సర్క్యులర్ రాజధానిలోని హరిత చైతన్య విభాగం నుంచి వచ్చింది. దాని సారాంశం ఇది: జనానికి ఆకాశం మీద మక్కువ ఎక్కువ. భూమి మీద శ్రద్ధ తక్కువ. కాబట్టి ఇకనుంచి ఆకాశాన్ని చూపించే ప్రతి శాస్త్రవేత్తా, చూసే ప్రతి పౌరుడికీ వాతావరణ మార్పు గురించి చైతన్యం కలిగించి, సదరు పౌరుడి చేత సంకల్ప పత్రం మీద సంతకం చేయించవలెను. మూడునెలలకు పన్నెండు వేల సంకల్పాలు లక్ష్యం. గువ్వలకొండకు ఏడాది మొత్తం మీద వచ్చే సందర్శకులు తొమ్మిదివందలు.

హైమవతికి ఆ ఆలోచన మీద కోపం లేదు. నిజానికి అందరికంటే ముందు మొదలుపెట్టింది ఆమే. వేధశాలలో ప్రతి రాత్రీ మబ్బు పట్టిందా లేదా అన్నది రిజిస్టర్లో రాస్తారు. ముప్పై ఏళ్ల కింద ఏడాదికి రెండువందల పది రాత్రులు ఆకాశం నిర్మలంగా ఉండేది. ఇప్పుడు నూట అరవై. ఎప్పుడూ మబ్బు పట్టని నెలల్లో పడుతోంది. పట్టాల్సిన నెలల్లో పట్టడం లేదు. ఆ రిజిస్టర్లు పట్టుకుని కొండ కింది వేరుశనగ రైతుల్ని ఒక ఆదివారం కూర్చోబెట్టింది. వాళ్లు రెండు గంటలు కదల్లేదు. విత్తు ఎప్పుడు వేయాలి, ఏ నెల వానను నమ్మాలి అని ఆమె జవాబు చెప్పలేని ప్రశ్నలు కూడా అడిగారు. చివర్లో సంకల్ప పత్రాలు పంచితే మాత్రం ఒక్కరూ సంతకం పెట్టలేదు. అందులో మొదటి వాక్యం "నేను నా విమాన ప్రయాణాలు తగ్గించుకుంటానని" అని ఉంది.

"ఎక్కనేలేదే తల్లీ. ఎక్కందాన్ని యాడ తగ్గించేది?" అన్నాడు ముందు వరసలో కూర్చున్న ముసలి రైతు.

ఆ ఆదివారం చైతన్యం పొందిన పౌరుల సంఖ్య నివేదికలో సున్నా అని నమోదయింది. మంగళవారం మెమో వచ్చింది.

మెమోలు ఆమెను పెద్దగా కదిలించేవి కావు. అప్పటికి ఆమె దృష్టి అంతా ఒకే తేదీ మీద ఉంది. మార్చి పద్నాలుగు.

ఉత్తరాకాశంలో ఒక నక్షత్రం ఉంది. మామూలు కంటికి కనిపించదు. పేరు లేదు, జాబితాలో 4471 అన్న అంకె మాత్రమే. పందొమ్మిదేళ్లకు ఒకసారి దుమ్ముతో నిండిన ఒక పెద్ద పళ్లెంలాంటిది దానికి అడ్డం వస్తుంది. ఆరు రోజులపాటు నక్షత్రం వెలుగు సగానికి పడిపోతుంది. మళ్లీ మామూలే. ఆ పళ్లెం ఏమిటో, అందులో కొత్త గ్రహాలేమైనా పుడుతున్నాయో తెలియాలంటే అది అడ్డం రావడం మొదలయ్యే మొదటి గంట ముఖ్యం. పోయినసారి ఆ గంట మీద మబ్బు కూర్చుంది. అప్పుడు హైమవతికి ముప్పై మూడు. ఇప్పుడు యాభై రెండు. మళ్లీసారికి డెబ్బై ఒకటి. ఉద్యోగం అరవైకే ముగుస్తుంది. ఈసారి లెక్క ప్రకారం మార్చి పద్నాలుగున సాయంత్రం ఏడూ నలభైకి మొదలవుతుంది. ఆ వేళకు సరిగ్గా పగలు ముగిసి చీకటి పడే ప్రదేశం, సరైన టెలిస్కోపు ఉన్న ప్రదేశం ప్రపంచంలో గువ్వలకొండ ఒక్కటే.

ఇంతలో జనవరిలో తనిఖీ వచ్చి పడింది.

హరిత చైతన్య విభాగం జాయింట్ డైరెక్టర్ చిదానందం మూడు వాహనాల్లో వచ్చాడు. ఒకదాంట్లో ఆయన, ఒకదాంట్లో ఫైళ్లు, మూడోదాంట్లో నాటడానికి మొక్క. మొక్క నాటాక మీటరు బోర్డు దగ్గరికి వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత అందర్నీ సమావేశపరిచాడు.

"ఈ సంస్థ విద్యుత్తును ప్రధానంగా సూర్యాస్తమయం తర్వాతనే వినియోగిస్తున్నట్టు గమనించడమైనది. సూర్యుడు ఉచితంగా అందుబాటులో ఉన్న వేళల్లో మాత్రం సంస్థ మూసి ఉంటోంది. దీనికి ప్రత్యేక కారణం ఏమైనా ఉందా?"

హైమవతి లేచి, పగలు నక్షత్రాలు కనిపించవండీ అంది.

చిదానందం ఓపిగ్గా నవ్వాడు. "అది నక్షత్రాల పరిమితి, డాక్టరు గారూ. దాన్ని మన పరిమితిగా ఎందుకు స్వీకరించాలి?"

విశ్వపతి తల ఊపాడు. ఆయన రిటైర్మెంటుకు ఎనిమిది నెలలే ఉంది. రెండేళ్ల పొడిగింపు ఫైలు రాజధానిలో ఏదో బల్ల మీద ఉంది. తల ఊపడం ఆయనకు ఆ దశలో శ్వాసలాంటిది.

వారంలో ఉత్తర్వు వచ్చింది. ఫిబ్రవరి ఒకటి నుంచి వేధశాల ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు వరకు, సౌర విద్యుత్తు మీదనే పనిచేయవలెను. పగటి కరెంటు బ్యాటరీల్లో దాచి రాత్రి వాడుకుంటామంటే ఒప్పుకోలేదు. పాత బ్యాటరీలు ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తాయట. సూర్యాస్తమయం తర్వాత ఎలాంటి వినియోగం జరిగినా, తొమ్మిదో నంబరు నమూనాలో కారణం రాసి, బాధ్యుడైన అధికారి సంతకం చేయవలెను. ఆ నమూనా చిదానందం స్వయంగా తయారుచేశాడు. దానిమీద ఇంతవరకు రాష్ట్రంలో ఎవరూ సంతకం చేయలేదని ఆయనకు గర్వం.

పగటిపూట టెలిస్కోపులో చూస్తే నీలిరంగు తప్ప మరేమీ కనపడదు. మొదటి వారం వచ్చిన బడిపిల్లలు నీలిరంగు చూసి, సంతకాలు పెట్టి వెళ్లారు. అప్పుడు విశ్వపతికి జీవితంలో ఒకే ఒక్క మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ప్రమాదంలో ఉన్నది భూమి అయినప్పుడు టెలిస్కోపు ఆకాశాన్ని ఎందుకు చూడాలి?

ఎదురు కొండ మీద "భూమిని కాపాడండి" అని భూగోళం బొమ్మతో పెద్ద బోర్డు పెట్టించి, టెలిస్కోపును దించి దానికి గురిపెట్టారు. చూస్తే అక్షరాలు తలకిందులుగా కనిపించాయి. నక్షత్రాలకు తలా కాళ్లూ తేడా లేదు కనుక ఖగోళ టెలిస్కోపులు బొమ్మను తిప్పే చూపిస్తాయి, ఎవరూ పట్టించుకోరు. బోర్డు విషయంలో పట్టించుకోక తప్పలేదు. మర్నాడు బోర్డునే తలకిందులుగా బిగించారు. అప్పటినుంచి టెలిస్కోపులో చూసేవాళ్లకు భూమి నిటారుగా, ఎదురు కొండ మీద మేకలు కాసుకునేవాళ్లకు బోర్లా కనిపించింది. ఎవరో దుండగులు ప్రభుత్వ బోర్డును తిరగేశారని కింది పంచాయతీ కార్యదర్శి రెండుసార్లు ఫిర్యాదు రాశాడు.

బస్సుల మీద బస్సులు వచ్చాయి. ఆరువారాల్లో పద్నాలుగువేల సంకల్పాలు. గువ్వలకొండ ఉత్తమ హరిత వేధశాల అయింది. ఆ ఆరువారాల్లో అక్కడ ఒక్క నక్షత్రాన్నీ ఎవరూ చూడలేదు.

హైమవతి మార్చి పద్నాలుగు సాయంత్రం ఒక్క మూడు గంటలు టెలిస్కోపు కావాలని అర్జీ పెట్టుకుంది. తిరస్కరించారు. నక్షత్రం పందొమ్మిదేళ్లకు ఒకసారే ఇలా చేస్తుందని వివరిస్తూ మళ్లీ రాసింది. "అరుదుగా లభించు వస్తువుల వినియోగాన్ని నిరుత్సాహపరచవలెను" అని జవాబొచ్చింది. మూడోసారి విశ్వపతి కాళ్లావేళ్లా పడినంత పనిచేసింది.

"చూడమ్మా హైమవతీ, నీ నక్షత్రం మీద నాకేం కోపం లేదు. పగలు మసకబారమను, నేనే దగ్గరుండి చూపిస్తాను" అన్నాడాయన.

ఆమె గోపురంలోకి వచ్చి మెట్టు మీద కూలబడింది. గోపురం తిప్పే మోటార్లూ గేర్లూ చూసుకునే ఓబులేసు అక్కడ గ్రీజు డబ్బాతో ఉన్నాడు. పోయినసారి మబ్బు పట్టినప్పుడు ఆమె పక్కన నిలబడింది కూడా అతనే. అర్జీ తీసుకుని మొదట్నుంచి చివరిదాకా చదివాడు.

"మేడమ్, మీరు తప్పు గడిలో రాసినారు" అన్నాడు.

"ఏ గడి?"

"శాస్త్ర ప్రయోజనం అనే గడిలో రాసినారు. దాన్ని వాళ్లు సదవరు. ఈడ సూడండి, కింద ఇంకో గడి ఉంది. వెలుగు, విద్యుత్ ఆదా అని. ఆ చుక్క ఎంత తగ్గిస్తాది?"

"సగం."

"ఎన్నాళ్లు?"

"ఆరు రోజులు."

"అదే రాయండి. అబద్ధం ఒక్కటీ సెప్పొద్దు. ఉండేది ఉన్నట్టు ఆ గడిలో రాయండి, సాలు."

హైమవతి అతని మొహంలోకి చూసింది. అతను నవ్వడం లేదు. ఆమె కొత్త కాగితం తీసి, వెలుగు ఆదా అన్న గడిలో ఇలా రాసింది: "4471 నంబరు నక్షత్రం మార్చి 14 సాయంత్రం నుంచి ఆరు రోజులపాటు తన వెలుగును యాభై శాతం తగ్గించనున్నది."

రెండు గంటల్లో రాజధాని నుంచి ఫోను వచ్చింది. చేసింది చిదానందమే.

"డాక్టరు గారూ, యాభై శాతం అన్నది నిర్ధారిత సంఖ్యేనా?"

"నిర్ధారితమేనండి."

"స్వచ్ఛందంగానా?"

హైమవతి క్షణం ఆలోచించింది. "ఎవరూ ఒత్తిడి చేయలేదండి."

"ఈ నక్షత్రంతో మీకు ఎంతకాలంగా సంబంధాలున్నాయి?"

"పందొమ్మిదేళ్లుగా."

ఆయన, ఇంతటి కృషి ఇన్నేళ్లు మరుగున పడిపోవడం విభాగానికే తీరని లోటు అన్నాడు. అనుమతి ఆ సాయంత్రమే వచ్చింది. మూడు గంటలకు కాదు, ఆరు రాత్రులకు. దాని వెనకే మరో కాగితం వచ్చింది.

కార్యక్రమం పేరు "తారా సంకల్పం". గౌరవనీయులైన మంత్రివర్యులు విచ్చేస్తారు. మూడువేల మంది పౌరుల సమక్షంలో సాయంత్రం ఏడు గంటలకు వేదిక మీద మీట నొక్కుతారు. నక్షత్రం మసకబారుతుంది. వేదిక గోపురం ఎదురుగానే. పదహారు ఫ్లడ్ లైట్లు, రెండు డీజిల్ జనరేటర్లు. సూర్యాస్తమయం తర్వాత జనరేటర్లేమిటని ఆమె అడిగితే, చైతన్యం కలిగించుటకు జరిగే వినియోగం వినియోగం కిందికి రాదని సమాధానం వచ్చింది.

పదహారు ఫ్లడ్ లైట్ల వెలుతురులో 4471 కాదు కదా, చంద్రుణ్ణి చూడటమూ కష్టం. ఈసారి ఆ గంట మీద కూర్చునేది మబ్బు కాదు, చిదానందం.

మీట నొక్కితే ఏం జరగాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. మీట నుంచి నక్షత్రం దాకా వైరు లేదు కదా. వైరు వేసే పని ఓబులేసుకు అప్పగించారు. హైమవతి చెప్పిన ప్రకారం అతను ఆ మీటను పదహారు ఫ్లడ్ లైట్లకు కలిపాడు. నొక్కితే అవి ఆరడమే, మళ్లీ వెలగాలంటే అతనే వేయాలి. నక్షత్రానికి సంఘీభావంగా దీపాలన్నీ ఆరిపోతాయని ఆమె రాసి పంపితే చిదానందం రెండుసార్లు "భేష్" అన్నాడు. ఏడు గంటలకు మంత్రి మీట నొక్కితే, ఏడూ నలభైకి కళ్లు చీకటికి అలవాటుపడి, కెమెరా సిద్ధంగా ఉంటుంది. లెక్క సరిపోయింది.

మార్చి పద్నాలుగు సాయంత్రం ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. ఏడు అయింది. మంత్రి రాలేదు. ఏడూ ఐదు. దారిలో ఒక వంతెనకు ప్రారంభోత్సవం జరుగుతోందట. ఏడూ పది. ఎనిమిదిన్నర దాటుతుందని కబురొచ్చింది. ఫ్లడ్ లైట్లు పట్టపగల్లా వెలుగుతున్నాయి.

చిదానందం గోపురం మెట్లు ఎక్కి వచ్చాడు. "డాక్టరు గారూ, నక్షత్రాన్ని ఒక గంట వాయిదా వేయాల్సి ఉంటుంది."

"కుదరదండి."

"కనీసం నలభై నిమిషాలు. ప్రోటోకాల్ సమస్య. అక్కడ ఎవరితో మాట్లాడాలో చెప్పండి, నేను మాట్లాడతాను."

హైమవతి గడియారం చూసింది. ఏడూ పన్నెండు. పందొమ్మిదేళ్లు, ఇరవై ఎనిమిది నిమిషాల దూరంలో ఉన్నాయి. గొంతు ఎంత మామూలుగా పెట్టగలదో అంత మామూలుగా పెట్టి అడిగింది.

"సార్, మీటకు ట్రయల్ చూశారా?"

చిదానందం ఆగిపోయాడు.

"ట్రయల్ చూడకుండానే మంత్రిగారి చేత నొక్కిస్తున్నారా? ఆయన నొక్కాక దీపాలు ఆరకపోతే?"

కిందటి ఏడాది ఒక సభలో ఎగరాల్సిన శాంతి పావురం మంత్రి భుజం మీదే కూర్చుండిపోయింది. తీసుకొచ్చిన అధికారి ఇప్పుడు ఎక్కడున్నాడో శాఖలో ఎవరికీ తెలియదు. చిదానందం రెండేసి మెట్లు దిగుతూ వేదిక మీదికి పరుగెత్తి, తానే మీట నొక్కాడు.

కొండ మీద చీకటి పడింది.

మూడువేల మంది ఒక్కసారి గొల్లుమన్నారు. తర్వాత ఒక్కొక్క తలా పైకి లేచింది. గోల తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా ఆగిపోయింది. ఆరువారాలుగా ఆ కొండకు వచ్చినవాళ్లెవరూ చూడనిది నెత్తిమీద ఈ కొన నుంచి ఆ కొన దాకా పరుచుకుని ఉంది. జనంలో ఎవరో ఆడమనిషి, "ఇన్నుండాయా" అని తనలో తాను అనుకున్నట్టు అంది.

"పనిచేస్తోంది, సంతృప్తికరం. ఇక దీపాలు వెయ్యండి" అన్నాడు చిదానందం.

ఓబులేసు టార్చితో వచ్చాడు. రెండో చేతిలో తొమ్మిదో నంబరు నమూనా ఉంది. మీట నొక్కడంతో సంకల్పం మొదలైపోయింది కదా సార్, ఇప్పుడు మళ్లీ వేస్తే సంకల్పం తర్వాత జరిగిన వినియోగం అవుతుంది, అందువల్ల ఇక్కడ కారణం రాసి, ఇక్కడ తమరు సంతకం పెడితే ఒక్క నిమిషంలో వేసేస్తానని ఎంతో వినయంగా విన్నవించుకున్నాడు.

చిదానందం కలం తీశాడు. "బాధ్యుడైన అధికారి" అన్న గీత మీద టార్చి వెలుగు పడుతోంది. ఆ గీతను ఆయనే గీశాడు. కలం ఒకసారి కిందికి దిగి, కాగితానికి వెంట్రుకవాసి పైన ఆగిపోయింది. ఏడూ ఇరవై అయింది. ఏడూ ఇరవై ఐదు అయింది. చివరికి కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకుని, మంత్రివర్యులకు చీకటి అంటే అభ్యంతరం ఉంటుందా అని పక్కనున్న విశ్వపతిని అడిగాడు. ఆయన తల ఊపాడు. ఆ చీకట్లో ఎటు ఊపాడో ఎవరికీ తెలియలేదు.

మంత్రి ఎనిమిదీ నలభైకి వచ్చి, కటిక చీకట్లో ఇరవై నిమిషాలు ప్రసంగించాడు. అందులో సగం నీళ్ల డ్రమ్ము వైపు తిరిగి సాగింది. ఆయనకు కప్పాల్సిన శాలువా విశ్వపతికి కప్పారు. మంత్రి మీట నొక్కాడు. అప్పటికే ఆరిపోయి ఉన్న దీపాలు అలాగే ఉన్నాయి. కార్యక్రమం విజయవంతమైందని చిదానందం ప్రకటించాడు.

హైమవతి అవేవీ చూడలేదు. గోపురంలో తెర ముందు కూర్చుని ఉంది. నిమిషానికి ఒక చుక్క చొప్పున 4471 వెలుగు తెరమీద పడుతోంది. ఏడూ నలభై. చుక్కలు తిన్నగా సాగుతున్నాయి. నలభై ఒకటి, నలభై రెండు. ఆమె లెక్క తప్పిందేమో. నలభై మూడో నిమిషంలో చుక్క ఒక పిసరు కిందికి పడింది. దాని తర్వాతది ఇంకొంచెం కిందికి. ఓబులేసు ఎప్పుడొచ్చాడో వెనక నిలబడి ఉన్నాడు. కాసేపటికి ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

ఆరు రోజులు పత్రికల్లో ఆ నక్షత్రమే. ఏడో రోజున ప్రకృతి ధర్మం ప్రకారం అది మళ్లీ పూర్తిగా వెలిగింది. హైమవతి ఆ సంగతిని నెలవారీ నివేదికలో ఉన్నది ఉన్నట్టు రాసింది.

మెమో రావడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. "మార్చి 20 నుంచి సదరు నక్షత్రం తన వెలుగు వినియోగాన్ని నూరు శాతానికి పెంచినట్టు తెలియవచ్చినది. సంకల్పాన్ని ఉల్లంఘించుటకు గల కారణాలపై నక్షత్రం నుంచి సంజాయిషీ పొంది మూడు రోజుల్లో సమర్పించవలెను. లేనిచో వేధశాలకు ఇచ్చిన రాత్రి అనుమతిని శాశ్వతంగా రద్దు చేయడమగును."

విశ్వపతి ఆ కాగితం పట్టుకుని హైమవతి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. ఆయన పొడిగింపు ఫైలు ఉన్నది సరిగ్గా ఆ మెమో పంపిన చిదానందం బల్ల మీదే. నువ్వు తెచ్చిన నక్షత్రమే కదమ్మా, ఏదో ఒకటి చెప్పించు అన్నాడు. ఆయన నిజంగానే చెప్పించమంటున్నాడని హైమవతికి అర్థమైంది.

ఆమె ఆ మధ్యాహ్నం కూర్చుని జవాబు రాసింది. ఒక్క అక్షరం అబద్ధం లేదు. సదరు నక్షత్రం మనకు పంతొమ్మిదివందల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. తమరి మెమో వెలుగు వేగంతో పంపినా దాన్ని చేరడానికి పంతొమ్మిదివందల ఏళ్లు పట్టును. నక్షత్రం తక్షణమే స్పందించినా, సంజాయిషీ ఇక్కడికి చేరడానికి మరో పంతొమ్మిదివందల ఏళ్లు పట్టును. అది వెలుగు రూపంలో మాత్రమే రాగలదు. పగటిపూట వస్తే కనిపించదు. తదుపరి ఆదేశాల కోసం సమర్పించడమైనది.

చిదానందం ఆ ఫైలును పదకొండు రోజులు తన దగ్గరే ఉంచుకున్నాడు. సంజాయిషీ కోరిన మెమోను వెనక్కి తీసుకుంటే, ముందు పంపడమే తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. సంజాయిషీ రాకుండా ఫైలు మూస్తే నియమావళి ఒప్పుకోదు. పన్నెండో రోజున ఉత్తర్వు వచ్చింది. విశ్వపతి దాన్ని హైమవతికి పైకి చదివి వినిపించాడు.

"4471 నంబరు నక్షత్రం నుంచి సంజాయిషీ అందేవరకు సదరు ఫైలు మూయరాదు. సంజాయిషీ రాత్రివేళల్లోనే కనిపించునని శాస్త్రవేత్త నివేదించినందున, వేధశాల ప్రతి రాత్రీ టెలిస్కోపును తెరచి ఆకాశాన్ని నిశితంగా పరిశీలించవలెను. సంజాయిషీ వచ్చినదీ రానిదీ మూడునెలలకొకసారి తెలియజేయవలెను. ఇందుకగు విద్యుత్తు వినియోగానికి తొమ్మిదో నంబరు నమూనా వర్తించదు. ఈ ఉత్తర్వు సంజాయిషీ అందిన నాటి వరకు అమలులో ఉండును."

ఆయన కళ్లజోడు తీసి వేళ్ల మీద లెక్కపెట్టుకోబోయి, వేళ్లు చాలక మానేశాడు.

"మూడువేల ఎనిమిదివందల ఏళ్లమ్మా. అప్పటిదాకా ఎవరుంటారు?"

"ఫైలు ఉంటుంది సార్" అంది హైమవతి, గోపురం తాళంచెవి అందుకుంటూ.